విమానయాన సిమ్యులేటర్లు: భూమి యొకరిది, తోట యొకరిది

(సంఘ మాససభలో గావించిన ప్రసంగ పాఠము)



నేటి సాయంకాలము నాకు నిర్ణయింపబడిన విషయమును విని మీలో కొందరు చిరునవ్వు నవ్వి యుందురు. ప్రబంధములను గూర్చియో, పదసంకీర్తనములను గూర్చియో ముచ్చటించుకొను ఈ వేదికపై, కంప్యూటరులో విమానము నడుపు ఆటను గూర్చి ఉపన్యాసమేమిటని అనుకొనుట సహజమే. అయినను మన సభ్యుల ఇండ్లలో పలుచోట్ల ఈ చర్చ జరుగుచునే యున్నది. కుమారుడు ఒక సిమ్యులేటరును కొనుమనును. వాని మిత్రుడు అది పనికిరాదు, మరియొకటి కొనుమనును. తండ్రి తన జీతపు బిల్లు వంక చూచుకొని, "ఏది పదియేండ్లు నిలుచునో అది చెప్పుడు" అనును. ఈ మూడవ మాటయే నా ప్రసంగమునకు మూలము.

సిమ్యులేటరు అనగా విమానము కాదు. విమానపు నడవడిని నేలమీదనే అనుకరించి చూపు సాధనము. దీని పుట్టుక చిత్రమైనది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అను యువకుని తండ్రికి ఆర్గన్ వాద్యములు, తమంత తామే మ్రోగు పియానోలు చేయు కార్ఖానా యుండెను. ఆ వాద్యములలో గాలిని నడుపు తిత్తులనే కొని, అతడు 1929లో ఒక చెక్క విమానమును పీఠముపై నిలిపి, అది వంగునట్లు, తిరుగునట్లు చేసెను. మొదట దానిని సంతలలో వినోద వస్తువుగానే చూచిరి. 1934లో అమెరికా సైన్యము తపాలా విమానములను నడుపుటకు పూనుకొని, చెడు వాతావరణములో పలువురు పైలట్లను కోల్పోయిన పిమ్మట, ఆరు లింక్ యంత్రములను కొనెను. ఆట వస్తువు ఆనాటితో ప్రాణరక్షణ సాధనమైనది. మన హైదరాబాదులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారు నెలకొల్పిన సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంటులోని పెద్ద సిమ్యులేటర్లు ఈ వంశమునకు చెందినవే.

ఇంటిలోని కంప్యూటరునకు ఈ విద్యను తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో 1975లో ఆయన వ్రాసిన సిద్ధాంత వ్యాసము దీనికి పునాది. 1980 నాటికి అది ఆపిల్ కంప్యూటరుపై కొన్ని గీతల విమానముగా వెలసెను. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆయన నుండి హక్కు పొంది, ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునకు 'ఫ్లైట్ సిమ్యులేటర్' వెలువరించెను. 1995లో ఆస్టిన్ మేయర్ అను ఇంజనీరు 'ఎక్స్-ప్లేన్' అను మరియొక సిమ్యులేటరును ప్రారంభించెను. ఆ దశకమునందే కొందరు ఔత్సాహికులు కలసి, ఎవరైనను ఉచితముగా వాడుకొని, లోపలి వ్రాతను సయితము చదివి సవరించుకొనదగిన 'ఫ్లైట్‌గేర్' ను ఆరంభించిరి. ఒకటి పెద్ద సంస్థది, ఒకటి చిన్న సంస్థది, ఒకటి అందరిది. నేటి పోటీకి ఈ మూడును మూడు మాదిరులు.

వీని మధ్య భేదము పేరులో మాత్రమే కాదు. మైక్రోసాఫ్ట్ వారి పాత సిమ్యులేటర్లు, విమానము ఏ వేగములో, ఏ కోణములో ఎట్లు ప్రవర్తించునో ముందుగా పట్టికలలో వ్రాసియుంచుకొని, ఆ పట్టికలను చూచి విమానమును నడిపెడివి. ఎక్స్-ప్లేన్ రెక్కను, తోకను, ప్రొపెల్లరును చిన్నచిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కపై గాలి ఎంత బలము చూపునో సెకనునకు అనేక పర్యాయములు లెక్కించును. మొదటిదానిలో పట్టిక వ్రాసినవాని శ్రద్ధ ముఖ్యము. రెండవదానిలో విమానపు ఆకారమును సరిగా గీసినవాని శ్రద్ధ ముఖ్యము. అనుభవజ్ఞులు ఏండ్ల తరబడి వాదించుకొన్న విషయములలో ఇది యొకటి. అయితే మన చర్చకు దీనికంటె పెద్ద ప్రశ్న మరియొకటి యున్నది.

సిమ్యులేటరు కొన్నవాడు దానితోనే తృప్తి చెందడు. 2006లో వెలువడిన మైక్రోసాఫ్ట్ వారి 'ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్' నే తీసికొందము. అందులో ప్రపంచమంతయు నున్నది. కాని శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది 2008 మార్చిలో. రెండేండ్ల ముందు అచ్చయిన పటములో అది ఎట్లుండును? కావున ఆ సిమ్యులేటరులో హైదరాబాదున దిగవలెనన్నచో బేగంపేటలోనే దిగవలెను. బెంగుళూరు సంగతియు నంతే. అచ్చటి కొత్త విమానాశ్రయము 2008 మే నెలలో తెరువబడెను. ఈ కొరతను తీర్చువారెవరు? మూల సంస్థవారు కారు. ఎచ్చటనో ఒక ఉపాధ్యాయుడో, విద్యార్థియో, చిన్న సంస్థయో కూర్చుండి, రన్‌వే పొడవును, దిశను, టెర్మినల్ ఆకారమును అమర్చి, కొత్త విమానాశ్రయమును నిర్మించి యిచ్చును. దీనినే యాడ్-ఆన్ అనుచున్నారు. నేను అనుబంధమందును.

అనుబంధములలో నేలకు సంబంధించినవి కొన్ని, విమానములకు సంబంధించినవి కొన్ని. 1997లో స్థాపింపబడిన పి.ఎం.డి.జి. సంస్థ బోయింగ్ విమానముల అనుకరణలో పేరుగాంచినది. మూల సిమ్యులేటరుతో వచ్చు బోయింగులో పలు మీటలు బొమ్మలు మాత్రమే. ఇట్టి సంస్థలు చేసిన విమానములో ఇంధనపు పంపు ఆపినచో దాని ఫలితము, విద్యుత్తు పోయినచో దాని ఫలితము వరుసగా కానవచ్చును. జర్మనీలోని ఏరోసాఫ్ట్, ఆస్ట్రేలియాలో పుట్టిన ఆర్బ్‌ఎక్స్, చిలీకి చెందిన కరెనాడో మొదలగునవి ఈ రంగమున ప్రసిద్ధములు. విమానమార్గముల సమాచారము ప్రపంచమంతట 28 దినములకొకసారి మారును గనుక, దానిని ఎప్పటికప్పుడు అందించు సంస్థలు వేరుగా నున్నవి. 2001 నుండి 'వాట్‌సిమ్' అను సంఘములో ఔత్సాహికులు కొందరు పైలట్లుగా, కొందరు కంట్రోలర్లుగా కూర్చుండి, జీతము లేకయే నిజమైన పద్ధతిలో విమానములను నడుపుచున్నారు.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తును. పల్లెలలో కౌలు సేద్యమును ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. భూమి యొకరిది. కౌలుదారు దానిలో మామిడి మొక్కలు నాటి, నీరు పోసి, పదియేండ్లు పెంచును. తోట కాపునకు వచ్చుటచేతనే ఆ భూమికి విలువ హెచ్చును. కాని కాగితములలో కౌలుదారునకు దక్కునది ఏటేటి కాపు మాత్రమే. భూస్వామి ఒకనాడు "ఇక సేద్యము మానితిని" అనినచో చెట్లను భుజమున వేసికొని పోవుట కౌలుదారునకు సాధ్యమా? సిమ్యులేటరు భూమి, అనుబంధములు తోట. ఆ తోటలో పండ్లు కొన్న మన కుటుంబములు మూడవ పక్షము.

ఈ ఉపమానము ఊహ కాదు. 2009 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ తన సిమ్యులేటరును నిర్మించు ఏసెస్ స్టూడియోను మూసివేసెను. భూస్వామి వెడలిపోయెను. కాని తోట ఎండలేదు. 'ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్' తో బాటు అనుబంధములు చేయుటకు వలయు పనిముట్లను, సూచనలను సంస్థ ముందే యిచ్చి యుండెను. వానితో బయటివారు ఏండ్ల తరబడి కొత్త విమానములను, కొత్త విమానాశ్రయములను చేయుచునే యుండిరి. పి.ఎం.డి.జి. వారి ప్రసిద్ధమైన 737 విమానము స్టూడియో మూతపడిన రెండేండ్లకు, 2011లో వచ్చినది. దిక్కులేనిదైన ఆ సిమ్యులేటరు పదియేండ్లకు పైగా బ్రతికినదనిన ఆ దీర్ఘాయువు తోటమాలులు పోసినదే.

దీనికి ప్రతికూలమైన ఉదాహరణము 2012లో చూచితిమి. మైక్రోసాఫ్ట్ సంస్థ 'ఫ్లైట్' అను పేర ఒక కొత్త వస్తువును ఫిబ్రవరిలో వెలువరించెను. హవాయి ద్వీపము, కొన్ని విమానములు అందులో నుండెను. చూచుటకు బాగుగనే యుండెను. కాని బయటివారు అనుబంధములు చేయుటకు ద్వారము మూయబడెను; సంస్థవారు అమ్మినదే కొనవలెను. ఆ సంవత్సరము జూలైలోనే దాని అభివృద్ధిని నిలిపివేసిరి. తరువాత డవ్‌టెయిల్ గేమ్స్ వారు 2017లో 'ఫ్లైట్ సిమ్ వరల్డ్' ను ప్రారంభించి, మరుసటి యేడు దానిని విరమించుకొనిరి. పెద్ద పెట్టుబడి, మంచి బొమ్మలు ఉన్నంత మాత్రమున సిమ్యులేటరు నిలువదనుటకు ఇవి సాక్ష్యములు.

భూమి చేతులు మారినప్పుడు వచ్చు కష్టము ఇంకొక విధమైనది. మైక్రోసాఫ్ట్ వారి పాత సిమ్యులేటరు వ్రాతకు లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ హక్కు పొంది, 2010లో 'ప్రీపార్3డి' ని వెలువరించెను. శిక్షణకు, విద్యకు ఉద్దేశింపబడిన దీనిని వినోదమునకు వాడరాదని లైసెన్సులో షరతు వ్రాసిరి. పాతది 32 బిట్ల పద్ధతిలో నుండుటచే నాలుగు గిగాబైట్లకు మించిన మెమొరీని వాడజాలకుండెను. గంటల కొలది ప్రయాణించి, గమ్యమున దిగుచుండగా మెమొరీ చాలక అంతయు ఆగిపోవుట ఆనాటి వారందరు ఎరిగిన బాధయే. 2017లో ప్రీపార్3డి 64 బిట్ల పద్ధతికి మారగా ఆ బాధ తొలగెను. కాని పాత విమానములలో పలువానిని మరల నిర్మింపవలసి వచ్చెను. ఆ ఖర్చు ఎవరు భరింపవలెను? చేయువారు "మా శ్రమకు వెల యేది?" అనిరి. కొన్నవారు "ఒక వస్తువునకు రెండుమారులు వెల యేమి?" అనిరి. ఉభయుల మాటలోను న్యాయమున్నది. కొన్ని సంస్థలు ఉచితముగా మార్చి యిచ్చినవి. కొన్ని తగ్గింపు ధరకు ఇచ్చినవి. కొన్ని పూర్తి ధర పుచ్చుకొన్నవి.

2020 ఆగస్టు 18వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ మరల రంగప్రవేశము చేసెను. ఫ్రాన్సులోని బోర్డో నగరమున నున్న అసోబో స్టూడియో దానిని నిర్మించినది. ఉపగ్రహ, విమాన ఛాయాచిత్రముల నుండి భూగోళమంతయు పుట్టి, మనము ఎగురుచుండగా దూరమునందలి కంప్యూటర్ల నుండి మన ఇంటికి ప్రవహించి వచ్చును. ముప్పదియేడు వేల విమానాశ్రయములు అందులో నున్నవి. మన స్వగ్రామముపై ఎగిరి, చెరువును, గట్టును గుర్తించి ఆనందించుట ఏ అనుబంధమును కొనకయే సాధ్యమైనది. 2024 నవంబరులో దాని తరువాతి సిమ్యులేటరు వచ్చినది.

ఇచ్చట వాదము రెండు పక్షములైనది. మొదటి పక్షమువారిట్లనుచున్నారు: "ఇంతటి వ్యయము చిన్న సంస్థలు భరింపలేవు. ప్రపంచమంతయు ఒకచోట లభించుచుండగా పలు సిమ్యులేటర్లేల? అనుబంధములు చేయువారికిని ఒక్కదానికి చేయుట తేలిక; ఒకే సంతలో కొనువారందరు దొరకుదురు." ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. 2020 తరువాత ఈ రంగములోనికి వచ్చిన కొత్తవారి సంఖ్య అపారము. ఫెనిక్స్ అను చిన్న సంస్థ 2022లో చేసిన ఎయిర్‌బస్ ఎ320 విమానమును ఆదరించినవారు పాత రోజులలో దొరకెడివారు కారు.

రెండవ పక్షమువారిట్లనుచున్నారు: "ప్రపంచమంతయు దూరమునందలి కంప్యూటర్లలో నున్నచో, మనము కొన్నదేమి? తలుపు వారిది, తాళము వారిది." 2024లో విడుదలయిన దినముననే ఆ కంప్యూటర్లు జన సమ్మర్దమునకు తాళలేక, వెల చెల్లించిన వేలాది మంది ఎగురలేక వేచియుండవలసి వచ్చినది, నిర్మాతలు బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనిరి. అది కొలది దినముల బాధయే. కాని అది సూచించిన ప్రశ్న చిన్నది కాదు. 2009 వలె మరల స్టూడియో మూయబడినచో, ఈసారి కొన్నవానికి మిగులునదేమి? నాటి సిమ్యులేటరు డిస్కులో వచ్చెను; స్టూడియో పోయినను డిస్కు పోలేదు. ప్రవహించి వచ్చునది ప్రవాహము నిలిచిన నిలుచును.

ప్రభుత్వోద్యోగులమగు మనకు ఇట్టి చిక్కు కొత్తది కాదు. సింగిల్ టెండరు వచ్చిన ఫైలుపై మనము ఏమని నోట్ వ్రాయుదుము? వస్తువు చెడ్డదని వ్రాయము. ఇతరులతో పోల్చి చూచు అవకాశము లేదనియు, రేపు ధర పెంచినను, సేవ మానినను మన చేతిలో మరియొక మార్గము లేదనియు వ్రాయుదుము. ఆ న్యాయమే ఇచ్చటను వర్తించును. 2012 ఫ్లైట్ వికటించినప్పుడు ఔత్సాహికులు పోవుటకు ఎక్స్-ప్లేన్ ఉండెను, ప్రీపార్3డి ఉండెను. పోటీదారులు లేకున్నచో ఆనాడు ఈ విద్యయే కొంతకాలము మూతపడి యుండెడిది.

ఎక్స్-ప్లేన్ బలము వేరు విధమైనది. 2022 డిసెంబరులో దాని 12వ రూపము వచ్చినది. భూమి చిత్రములలో అది మైక్రోసాఫ్ట్ వారితో సరితూగదని దాని అభిమానులే ఒప్పుకొందురు. కాని దాని ప్రపంచము మన డిస్కుమీదనే యుండును. విండోస్, మాక్, లినక్స్ మూడింటిపైనను నడచును. వాడుకదారులు తమ ఊరి విమానాశ్రయమును తామే నిర్మించి ఉమ్మడి భాండారమునకు పంపిన, అది తరువాతి రూపములో అందరికి చేరును. ఫ్లైట్‌గేర్ మరియొక మెట్టు ముందునకు పోయినది. దానిని మూయుటకు ఎవరికిని అధికారమే లేదు. అందము తక్కువైనను, అది ఊరుమ్మడి చెరువు వంటిది.

ఇక నా అభిప్రాయము మనవి చేసెదను. ఏ సిమ్యులేటరు గెలుచుననునది సరియైన ప్రశ్న కాదు. భూమికిని తోటకును మధ్య ఎట్టి ఒడంబడిక యుండవలెననునదే ప్రశ్న. భూస్వామి నుండి మూడు విషయములు కోరదగును. మొదటిది, అనుబంధములు చేయు పనిముట్లను, సూచనలను పూర్తిగా, సకాలములో బహిరంగపరచుట. ఇది దానము కాదు, 2009 నుండి నేర్చిన పాఠము ప్రకారము సొంత లాభమే. రెండవది, మార్పు చేయుటకు ముందుగా నోటీసు నిచ్చుట. ఒక నవీకరణతో నిన్నటి విమానము నేడు నేల విడువలేనప్పుడు, కొన్నవాడు తిట్టునది మూల సంస్థను గాదు, రాత్రింబవళ్లు సవరించుచున్న చిన్న అనుబంధకర్తను. మూడవది, సేవను విరమించుకొను నాడు, దూరపు కంప్యూటర్లు లేకయే కొంతయైనను నడచునట్లు చేసి వెడలుట.

అనుబంధకర్తలకును ధర్మములున్నవి. సగము చేసిన విమానమును పూర్తి ధరకు అమ్మరాదు. ఏ సిమ్యులేటరుకు ఎంతకాలము మద్దతు నిత్తురో ముందే చెప్పవలెను. వీలైనంతవరకు ఒక్క భూస్వామినే నమ్ముకొనక, తమ విమానపు లోపలి తర్కమును సిమ్యులేటరు నుండి వేరుపరచి వ్రాసికొనుట తమకే క్షేమము. అట్లు చేసినవారికి భూమి మారినను చెట్టును వ్రేళ్లతో తీసికొనిపోవుట కొంత సాధ్యమగును. ఉచితముగా చేయువారిని గూర్చియు ఒక మాట. 'ఫ్లైబైవైర్' అను బృందమువారు ఎయిర్‌బస్ ఎ320 విమానమును ఉచితముగా, బహిరంగ వ్రాతతో తీర్చిదిద్దిరి. ఇట్టివారి వలన అమ్ముకొనువారు చెడుదురను భయము నిజము కాలేదు. ఉచితముగా లభించునది బాగుండుటచే అమ్మునది ఇంకను బాగుండవలసి వచ్చినది.

బేగంపేటను మరియొకసారి తలచుకొందము. 2008 తరువాత ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. కాని 2006 నాటి సిమ్యులేటరులో బేగంపేట నేటికిని హైదరాబాదు నగరపు ముఖ్య విమానాశ్రయమే. లోపమని మనము చెప్పుకొన్నది కాలక్రమమున చరిత్రయైనది. ఒక తరము తెలుగువారు తమ బంధువులను సాగనంపిన ఆ నేల ఒక పాత డిస్కులో నాటి హోదాతో నిలిచియున్నది. ప్రతిదినము తనంత తాను మారు ప్రవాహ ప్రపంచములో నిన్నటి నేల మిగులదు. కొన్నవాని చేతిలో ఒక ప్రతి యుండవలెననుటకు ఇది యొక కారణము. ధనమునకు సంబంధించినది కాకపోయినను చిన్న కారణము కాదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు చెప్పి విరమించెదను. ఇంటి సిమ్యులేటరుపై గడిపిన గంటలు పైలట్ లైసెన్సునకు లెక్కకు రావు. ఆ ఆశతో డబ్బు పోయవలదు. కాని పటము చదువుట, గాలిని లెక్కించుట, చెక్‌లిస్టును వరుస తప్పక పాటించుట పిల్లవానికి అలవడును. ఆ శిక్షణ ఏ ఉద్యోగమునందైనను అక్కరకు వచ్చును. మొదట ఉచితమైన ఫ్లైట్‌గేర్ తోనో, ఎక్స్-ప్లేన్ వారి ఉచిత నమూనాతోనో ప్రారంభింపుడు. ఆసక్తి ఆరు నెలలు నిలిచినచో వెలగలదానిని కొనుడు. అనుబంధములు ఒకటి రెంటికి మించి ఒక్కసారి కొనవలదు. కొనునప్పుడు "ఈ సంస్థ మూతపడిన నాడు నా చేతిలో మిగులునదేమి?" అని యొక ప్రశ్న వేసికొనుడు. దానికి జవాబు చెప్పగల సిమ్యులేటరునే పదియేండ్లు నిలుచుదానిగా నెంచుకొనుడు.

 ఎక్స్-ప్లేన్ పక్షమువారును, మైక్రోసాఫ్ట్ పక్షమువారును ఈ సభలోనే యున్నారని నేనెరుగుదును. వారి ప్రశ్నలకు అధ్యక్షులవారు అనుమతించిన యెడల జవాబు చెప్పుటకు సిద్ధముగా నున్నాను.